ర్యూఓ అనిమేలో ఆట ఉంది, ఆడేవాళ్లే సరిగా కనిపించరు

"ర్యూఓ నో ఒషిగోతో" అనే జపాన్ యానిమేషన్ సిరీస్ (అనిమే) మొదటి ఎపిసోడ్‌లోనే యాయిచి అనే 16 ఏళ్ల కుర్రాడు తన గురువును ఓడిస్తాడు. ఎవరో వారానికోసారి క్లాసు చెప్పే గురువు కాదు, చిన్నప్పుడే ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, షోగీ అనే జపాన్ చదరంగం నేర్పి పెంచిన కియోతకి. పోటీ ఆటలో శిష్యుడు గురువు మీద గెలవడాన్ని షోగీ వాళ్లు ఒంగాయెషి అంటారు, అంటే పొందిన మేలుకు రుణం తీర్చుకోవడం. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో చూడండి. గురువుకి ఓడిన బాధ, శిష్యుడు ఎదిగాడన్న తృప్తి, తన కాలం అయిపోవచ్చిందన్న దిగులు, మూడూ ఒకేసారి వచ్చి పడతాయి. శిష్యుడికి గెలిచిన సంతోషం గొంతులోనే అడ్డం పడుతుంది. ఈ అనిమే అక్కడ ఏం చేస్తుందంటే, ఓడిన గురువు బాధ పట్టలేక షోగీ భవనం కిటికీలోంచి బయటికి మూత్రం పోయడం, చుట్టూ ఉన్నవాళ్లు కంగారు పడటం చూపిస్తుంది. నవ్వించాలని పెట్టిన సీను, మొదటిసారి నాకు నవ్వే వచ్చింది. కానీ పన్నెండు ఎపిసోడ్లూ అయ్యాక వెనక్కి వచ్చి మళ్లీ చూస్తే, ఈ సిరీస్ ఎక్కడ తడబడిందో ఆ సీన్లోనే మొత్తం తెలిసిపోయింది. ఒక పెద్ద విషయం చేతికి అందుతుంది, దాని దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగదు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. షిరతొరి షిరో 2015 నుంచి రాసిన లైట్ నవలలు, అంటే కుర్రకారు కోసం రాసే తేలికైన నవలలు, దీనికి మూలం. ప్రాజెక్ట్ నంబర్ నైన్ స్టూడియో తీసిన అనిమే 2018 జనవరి నుంచి మార్చి వరకు 12 ఎపిసోడ్లుగా వచ్చింది. ర్యూఓ అంటే డ్రాగన్ రాజు, షోగీలో ఉన్న పెద్ద టైటిళ్లలో ఒకదాని పేరు అది. యాయిచి ఆ టైటిల్ గెలిచి, ఆ తర్వాత వరసగా ఓడిపోతూ ఉంటాడు. అలాంటి టైంలో తొమ్మిదేళ్ల పిల్ల హినత్సురు ఆయి ఇంటి తలుపు తట్టి, నన్ను శిష్యురాలిగా తీసుకోండి అంటుంది. కథ అక్కడ మొదలవుతుంది. నవలలకి జపాన్‌లో మంచి పేరుంది, లైట్ నవలల మీద ఏటా వచ్చే పెద్ద ర్యాంకింగులో 2017, 2018 రెండేళ్లూ పాకెట్ పుస్తకాల విభాగంలో మొదటి స్థానం వీటిదే. సరుకు లేని కథైతే వదిలేసి వెళ్లిపోయేవాణ్ణి, ఇంత రాసేవాణ్ణి కాదు.

బోర్డ్ గేమ్ మీద కథ చెప్పడం చాలా కష్టం, ఆ కష్టం ఏంటో ముందు పట్టుకోవాలి. క్రికెట్ సినిమాలో బంతి బౌండరీ దాటితే ఆట తెలియని అమ్మమ్మకి కూడా అర్థమైపోతుంది. షోగీలో ఇద్దరు మనుషులు 9 గళ్లు, 9 గళ్లు ఉన్న బోర్డుకి అటూ ఇటూ మోకాళ్ల మీద కూర్చుని గంటల తరబడి నేలచూపులు చూస్తారు. ఒక్కొక్కరికి 20 పావులు, మన చదరంగంలో లాగే రాజుని బంధించాలి, కానీ చంపిన పావు బోర్డు బయటికి పోదు, దాన్ని మనమే తర్వాత మన తరఫున దాదాపు ఏ ఖాళీ గడిలోనైనా దించొచ్చు. ఆ ఒక్క నియమం వల్ల ఆట చివరికి వచ్చేకొద్దీ తేలికవడానికి బదులు ఇంకా చిక్కుపడుతుంది. ర్యూఓ టైటిల్ పోటీ ఏడు ఆటల సిరీస్, ఒక్కో ఆట రెండు రోజులు, ఒక్కొక్కరికి ఆలోచించుకోవడానికి 8 గంటలు. ఇందులో ఏ ఎత్తు గొప్పదో చూసేవాళ్లలో చాలామందికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. అంటే కథ రాసేవాడి చేతిలో మిగిలింది మనుషులే. ఎత్తు వేసిన మనిషి ఎవరో మనకి బాగా తెలిసుంటే ఆ ఎత్తు మనకి అర్థమవుతుంది, తెలియకపోతే టక్‌మని చెక్క చప్పుడు, వెనకాల మెరుపులు, చుట్టూ నోరు తెరిచి చూసే జనం, అంతే మిగులుతుంది.

ఇది కుదిరే పని కాదంటారా? కుదురుతుంది, గో అనే నల్ల తెల్ల రాళ్ల బోర్డ్ గేమ్ మీద వచ్చిన అనిమే "హికారు నో గో" చేసి చూపించింది. అందులో ప్రొఫెషనల్ పరీక్ష జరుగుతుంటుంది, ఇసుమి అనే కుర్రాడు హికారుతో ఆడుతుంటాడు. ఇసుమి రాయి పెట్టి వేలు వదిలేసి, తప్పు చోట పెట్టానని ఆ క్షణంలో తెలిసి, గబుక్కున పక్కకి జరుపుతాడు. వేలు వదిలాక జరపకూడదు, నియమం అంతే, జరిపితే ఓడినట్టే. ఇంకెవరూ చూడలేదు, హికారు మాత్రమే చూశాడు. చెప్తే ఊరికే గెలుపు వస్తుంది, చెప్పకపోతే ఓడిపోయేలా ఉన్నాడు. వాడు నోరు తెరవాలా వద్దా అని లోపల నలిగిపోతుంటే, ఇసుమి తనే తల వంచి ఓడిపోయానంటాడు. గో అంటే ఏంటో తెలియని మనిషి కూడా ఇక్కడ ఊపిరి బిగపట్టి చూస్తాడు. ఇసుమి అందరికంటే నెమ్మదస్తుడు, హికారు స్నేహితుల్లో పెద్దవాడు, అందరికంటే ఎక్కువ టెన్షన్ మోస్తున్నవాడు అని అప్పటికి మనకి తెలుసు కాబట్టి ఆ వేలు జారడం అతని జీవితంలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ మచ్చ తర్వాతి ఆటల్లో కూడా ఇద్దర్నీ వెంటాడుతుంది. ఒక్క చిన్న నియమంతో ఇద్దరి స్వభావాలు బయటపడ్డాయి. నేను దీన్నే కొలబద్దగా పెట్టుకుంటాను: ఆట అయ్యాక ఆ మనిషి గురించి నాకు కొత్తగా ఏం తెలిసింది?

ఇప్పుడు యాయిచి దగ్గరికి రండి. కాగితం మీద చక్కటి పాత్ర. ఇంటిపేరు కుజుర్యూ, తొమ్మిది తలల డ్రాగన్ అని అర్థం, కుజు అనే చప్పుడుకి పనికిమాలినవాడు అనే అర్థం కూడా ఉంది కాబట్టి ఓడిపోతుంటే జనం పనికిమాలిన ర్యూఓ అని వెక్కిరిస్తారు. పెద్ద టైటిల్ చిన్న వయసులో వచ్చింది, దానికి తగ్గట్టు అందంగా ఆడాలి, ర్యూఓలా కనిపించాలి అనే బరువుతో చేతులు బిగుసుకుపోయాయి. ఆయి వచ్చి చూస్తుంటే, ఎంత వికారంగా కనిపించినా చివరిదాకా పోరాడే తన పాత ఆట గుర్తొస్తుంది. మొదటి ఎపిసోడ్‌లో ఇది బాగుంది, నిజంగా బాగుంది. ఆ తర్వాత ఈ సమస్య ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి. రెండో ఎపిసోడ్ నుంచి దాదాపు చివరి వరకు యాయిచి ఇంటికి ఎవరో అమ్మాయి వస్తుంది, ఇంకెవరో చూసి అలుగుతారు, అతను కంగారు పడతాడు. ఒకసారి లోకం తెలియని అమాయకుడు, ఇంకోసారి అన్నీ తెలిసిన గురువు, మరోసారి ఏ మాట ఎక్కడ అనాలో తెలియని మొద్దు. మనిషిలో ఇవన్నీ ఉండొచ్చు, తప్పేం లేదు, కానీ ఒకదానికి ఇంకోదానికి మధ్య తాడు కనిపించాలి. ఇక్కడ ఆ సీనుకి ఏది కావాలో అతను అదవుతాడు.

గురువుగా అతను ఏం నేర్పాడు అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒకటే మంచి ఉదాహరణ ఉంది, రెండో శిష్యురాలు యషాజిన్ ఆయిని ఒసాకాలో షిన్‌సెకాయి అనే పాతబస్తీకి తీసుకెళ్లి, అక్కడి పాత షోగీ అడ్డాల్లో ముసలి ఆటగాళ్లతో ఆడించడం. పుస్తకాల్లో లేని మొండి ఎత్తులు, మాటలతో రెచ్చగొట్టే మనుషులు, పొగ, చప్పుడు. గొప్పింటి పిల్లకి అది పాఠం, మనకి గురువు ఆలోచన కనిపిస్తుంది. ఇలాంటివి ఇంకో నాలుగు ఉండి ఉంటే నేను ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. మన గురుకులం లాంటి పద్ధతి వాళ్లకీ ఉంది, శిష్యుడు గురువు ఇంట్లోనే ఉండి పనులు చేస్తూ నేర్చుకోవడం. ఈ రోజుల్లో జపాన్‌లో అది అరుదైపోయింది. అందుకే ఒక 16 ఏళ్లవాడు, తనే ఇంకా పూర్తిగా ఎదగనివాడు, ఒక పిల్లని ఇంట్లో పెట్టుకుని గురువు కావడం అంటే ఎంత బాధ్యతో, ఎంత భయమో అనే ప్రశ్న చాలా కొత్తది. కథ ఆ ప్రశ్నని అడిగి, జవాబు చెప్పాల్సిన చోటల్లా పక్కకి తిరిగి జోకు వేస్తుంది.

ఇద్దరు ఆయిల పేర్లు కూడా ఆలోచించి పెట్టినవే. హినత్సురు అంటే కొంగ పిల్ల. యషాజిన్‌లో ఉన్న యషా మన యక్షుడే, బౌద్ధంతో పాటు జపాన్ వెళ్లిన మాట. ఒకరు ముందుకు దూసుకుపోయే ఆట, ఇంకొకరు దెబ్బ కాచుకుని తిప్పికొట్టే ఆట. ఒకరికి ఇషికవాలో వేడినీటి బుగ్గల సత్రం నడిపే తల్లిదండ్రులున్నారు, ఇంకొకరికి అమ్మానాన్న పోయారు, కోబేలో తాతయ్య దగ్గర పెరుగుతోంది. ఇంత చక్కగా ఎదురెదురుగా పెట్టాక ఆ తేడా ఆటలో పలకాలి కదా! ఒంటరి పిల్ల ఎందుకు కాచుకునే ఆట ఆడుతుంది, ప్రేమ మధ్య పెరిగిన పిల్ల ఎందుకు భయం లేకుండా దూకుతుంది, అసలు విషయం అక్కడే ఉంది. అనిమే రెండో పిల్ల విషయంలో కొంచెం దగ్గరికొస్తుంది. మొదటి పిల్ల విషయంలో అస్సలు రాదు. హినత్సురు ఆయి ఆలోచించేటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగుతూ "కో కో కో కో" అని గొణుగుతుంది, తర్వాత గెలుస్తుంది. ఆమె ప్రతిభ మనకి ఒక చప్పుడుగా మాత్రమే తెలుసు. దేనికి భయపడుతుంది, ఏ రకం స్థితిలో తప్పు చేస్తుంది, ఓడితే రాత్రి ఏం చేస్తుంది, వీటిలో దేనికీ సరైన జవాబు లేదు. బోర్డు ముందు నుంచి లేచాక మిగిలే ఒకే ఒక్క లక్షణం అసూయ.

ఆ పిల్ల పరీక్ష సంగతే చూడండి. తల్లిదండ్రులు వచ్చి, శిష్యురాలిగా ఉండాలంటే పరీక్షలో ఆడే ఆటలన్నీ గెలవాలి, లేదంటే ఇంటికి రావాలి అంటారు. పందెం స్పష్టంగా ఉంది, మన ఒళ్లు కూడా బిగుసుకుంటుంది. చివరి ఆట యాయిచితో పాటు అదే గురువు దగ్గర నేర్చుకున్న సోరా గింకోతో, ఆయి ఓడిపోతుంది. ఇప్పుడు కథకి రెండు దారులున్నాయి. ఓటమికి విలువ ఇచ్చి పిల్లని కొన్నాళ్లైనా వెనక్కి పంపాలి, లేకపోతే తల్లి మనసు మారడానికి ఆ ఆటలోనే ఏదో ఒకటి కనిపించాలి. యాయిచి బతిమాలడం వరకు బాగానే వస్తుంది. ఆ వెంటనే తల్లి అతన్ని కాబోయే అల్లుడి లెక్కలోకి తీసుకుని మాట్లాడటం, అందరూ కంగారు పడటంతో సీను నవ్వులాటగా మారిపోతుంది. పెట్టిన పందేన్ని కథే రద్దు చేసుకుంది. తర్వాత ఎన్ని పందేలు పెట్టినా చూసేవాళ్లు లోపల లోపల, ఆఁ చివరికి ఏదో ఒకటి చేస్తార్లే అనుకుంటారు. టెన్షన్ పోయాక దాన్ని మళ్లీ తెచ్చుకోవడం చాలా కష్టం.

చిన్నపిల్లల మీద పెళ్లి జోకుల గురించి చాలామంది అసహ్యంతో రాశారు, నాకూ అదే అభిప్రాయం, తొమ్మిదేళ్ల పిల్లనీ ఆరేళ్ల పిల్లనీ ప్రేమ పోటీలో అభ్యర్థుల్లా చూపించడం తప్పు. దాని పైన కథకి జరిగిన నష్టం ఇంకోటుంది. ఆయి యాయిచిని గురువుగా కోరుకుంటోందా, ఇంకేదోలా కోరుకుంటోందా అని తేల్చకుండా నవ్వు కోసం అటూ ఇటూ ఊపుతూ ఉండటం వల్ల, ఆమె షోగీ కోసం ఇల్లు వదిలి వచ్చిన మొదటి సీను బలం కూడా తగ్గిపోతుంది. పిల్ల షోగీని ప్రేమిస్తోందని మనం నమ్మకపోతే మిగతా కథ ఎవరి కోసం చూడాలి?

ఇక గింకో. ఈ అనిమే చేతిలో ఉన్న అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఈ అమ్మాయి. యాయిచికి గురువు ఇంట్లో అక్క వరస, వయసులో చిన్నదైనా ముందు చేరింది కాబట్టి అక్కే. మహిళల షోగీలో ఆమెని ఓడించినవాళ్లు లేరు. అయినా ఆమె చూపు అటు లేదు, షోరేయికాయిలో ఉంది. ఇది అర్థం కావాలంటే జపాన్ పద్ధతి కొంచెం తెలియాలి. షోగీలో ప్రొఫెషనల్ కావాలంటే షోరేయికాయి అనే శిక్షణ సంస్థలో మెట్లు ఎక్కుతూ మూడో దాన్ (దాన్ అంటే ఆటగాడి స్థాయి) వరకు రావాలి, అక్కడ ఆరు నెలలకోసారి జరిగే లీగ్‌లో మొదటి ఇద్దరే నాలుగో దాన్ అవుతారు, నాలుగో దాన్ అయితేనే ప్రొఫెషనల్. అంటే ఆ దారిలో ఏడాదికి మామూలుగా నలుగురు. మామూలుగా 26 ఏళ్ల లోపు కాకపోతే బయటికి పోవాలి. మగ, ఆడ తేడా నిబంధనల్లో లేదు. మహిళా ప్రొఫెషనల్ అనేది 1974లో మొదలైన వేరే వ్యవస్థ, దాని మెట్లు వేరు. 2018లో ఈ అనిమే వచ్చేనాటికి నాలుగో దాన్ అందుకున్న మహిళ ఒక్కరు కూడా లేరు. తర్వాత నిషియమ తొమొకా 2020లో ఆ లీగ్‌లో 14 గెలిచి 4 ఓడి, రెండో స్థానంతో సమానమైన లెక్క ఉండీ, ముందటి ర్యాంకు తక్కువగా ఉన్నందుకు మూడో స్థానంలో ఆగిపోయింది. సతోమి కానా 2022లో, నిషియమ 2024–25లో వేరే దారిలో ప్రవేశ పరీక్ష ఆటలు ఆడి దాటలేకపోయారు. ఐదు ఆటల పరీక్షలో నిషియమ రెండు గెలిచింది, ఇంకొక్కటి గెలిచి ఉంటే సరిపోయేది.

చదరంగంలో మనకి ఈ సంగతి కొంచెం దగ్గరగా తెలుసు. కోనేరు హంపి 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, మహిళలకి విడిగా ఇచ్చే టైటిల్ కాదు, మగవాళ్లు ఏ లెక్కతో తెచ్చుకుంటారో అదే లెక్కతో. ఆమెకి ఆట నేర్పి కోచ్‌గా నిలబడింది తండ్రి అశోక్. ఆ వార్త వచ్చినప్పుడు మన ఇళ్లలో ఎంతమంది ఆడపిల్లలకి చదరంగం బోర్డు కొనిచ్చారో గుర్తున్నవాళ్లకి, గింకో మోస్తున్న బరువు ఇట్టే అర్థమవుతుంది. తనకంటే వెనక వచ్చిన తమ్ముడు ర్యూఓ అయిపోయాడు, తను ఇంకా మెట్లు ఎక్కుతోంది, పైన ఉన్న మెట్టుని ఏ ఆడమనిషీ ఎక్కలేదు. యాయిచిని చూసినప్పుడల్లా ఆమెకి ప్రేమ, కోపం, భయం కలిసి రావాలి. అనిమేలో వచ్చేది చిన్నపిల్లల్ని చూసి మొహం చిట్లించడం. నవలలు తర్వాతి భాగాల్లో ఆమె షోరేయికాయి పోరాటానికి చాలా చోటు ఇచ్చాయి, అది ఒప్పుకోవాలి. కానీ అనిమే ఐదో భాగంతో ఆగిపోయింది, అక్కడివరకే చూసినవాళ్లకి గింకో అంటే చల్లగా మాట్లాడే, అలిగే అమ్మాయి మాత్రమే.

ఇంత తిట్టాక కేయికా గురించి చెప్పకపోతే అన్యాయం. గురువు కియోతకి కూతురు, 25 ఏళ్లు, మహిళా ప్రొఫెషనల్ కావాలని ఇంకా కింది మెట్టు మీదే ప్రయత్నిస్తోంది, వయసు గడువు మీద పడుతోంది, ఫలితాలు పడిపోతున్నాయి. తన కళ్ల ముందు పెరిగిన పిల్లలు ఒకరు ర్యూఓ, ఒకరు మహిళా చాంపియన్. నిన్నగాక మొన్న వచ్చిన తొమ్మిదేళ్ల పిల్ల తనకి సంవత్సరాలు పట్టిన దూరాన్ని నెలల్లో దాటేస్తోంది. ఈ పాత్ర మీద కథ నిలబడినప్పుడల్లా అనిమే మొత్తం మారిపోతుంది, జోకులు తగ్గుతాయి, గొంతు దిగుతుంది, ఎత్తు ఎత్తుకీ బరువు తెలుస్తుంది. ఎందుకంటే కేయికాకి ఏం కావాలో మనకి తెలుసు, దేనికి భయపడుతుందో తెలుసు, ఓడితే ఏం పోతుందో కూడా తెలుసు. ఆమె చేతి కింద పావు కదిలితే మన గుండె కదులుతుంది. అదే రచయిత, అదే దర్శకుడు, అదే స్టూడియో. అంటే చేతకాక కాదు, అన్ని పాత్రలకీ ఆ శ్రద్ధ పెట్టలేదు.

సమస్య ఏంటంటే కేయికా కథ అడిగే ప్రశ్నకి మిగతా కథ వేరే జవాబు చెప్తుంది. ప్రతిభ లేనివాళ్లు ఎంత కష్టపడితే ఎంత దూరం పోగలరు? కేయికా ఎపిసోడ్లు, కష్టానికి అర్థం ఉంది, ఆగిపోకు అంటాయి. ఆయి ఎపిసోడ్లు, పుట్టుకతో వచ్చిన ప్రతిభ ముందు మిగతావాళ్లు చూస్తూ ఉండాల్సిందే అంటాయి. రెండు మాటలూ ఒకే కథలో ఉండొచ్చు, అవి ఢీకొంటే గొప్ప కథే అవుతుంది. ఢీకొట్టించే అవకాశం కూడా ఉంది, ఇద్దరూ ఒకే ఇంట్లో అన్నం తింటున్నారు. కానీ ఒక ఎపిసోడ్‌లో ఒకటి నిజం, ఇంకో ఎపిసోడ్‌లో ఇంకోటి నిజం. చివర్లో కేయికా తన జీవితంలోనే ముఖ్యమైన ఆట షాకందో రినా లాంటి పెద్ద ఆటగత్తెతో ఆడుతుంటే, కథ ఆ ఆటని యాయిచి మళ్లీ లేచి నిలబడటానికి మందులా వాడుకుంటుంది. చూసి అతనికి కళ్లు తెరుచుకుంటాయి. నాకు అక్కడ కోపం వచ్చింది. ఏళ్ల తరబడి ఒక మనిషి మోసిన బరువు, ఇంకొకరి కథలో మలుపు కోసం పనికొచ్చింది.

ఆ మలుపు తర్వాత వచ్చేది మెయిజిన్‌తో టైటిల్ పోటీ. మెయిజిన్ కూడా షోగీలో ఒక పెద్ద టైటిలే, అది ఉన్నవాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తారు. మొదటి మూడు ఆటలు యాయిచి ఓడిపోతాడు, తర్వాత నాలుగూ గెలుస్తాడు. ఇది గాల్లోంచి పుట్టింది కాదు, 2008లో వతనబె అకిరా అచ్చం ఇలాగే హబు యొషిహరు మీద మూడు ఓడి నాలుగు గెలిచి ర్యూఓ నిలబెట్టుకున్నాడు, ఏడు ఆటల షోగీ టైటిల్ పోటీల్లో అలా జరగడం అదే మొదటిసారి. ఆ సిరీస్ గెలిచినవాళ్లకి జీవితకాల ర్యూఓ హోదా వచ్చేది, ఇద్దరిలో ఎవరు గెలిచినా ఆ హోదా మొదటగా వాళ్లదే. నిజంగా జరిగిన దానిలోనే అంత బిగువు ఉంది. అనిమేలో మెయిజిన్‌కి పేరు లేదు, మొహం చూపించరు, మాట దాదాపు వినిపించదు. దేవుడిలా దూరంగా ఉంచాలన్న ఆలోచన నాకు అర్థమైంది, నవలలో అది కొంత పని చేస్తుంది కూడా, ఎందుకంటే పుస్తకంలో యాయిచి లోపలి భయం పేజీల కొద్దీ ఉంటుంది, ఆ భయమే మెయిజిన్‌కి మొహం అవుతుంది. తెర మీద ఆ లోపలి మాట పోయింది. మిగిలింది మొహం లేని ప్రత్యర్థి, ఒకటి తర్వాత ఒకటి వేగంగా దాటిపోయే ఆటలు. మూడు ఓటముల మధ్య యాయిచి తనవాళ్ల మీద విసుక్కుని దూరం చేసుకోవడం ఒక్కటే మనకి పట్టుకోవడానికి దొరుకుతుంది, అది కూడా ఇప్పటిదాకా తెలిసిన యాయిచిలోంచి వచ్చినట్టు ఉండదు.

ఈ అనిమే వచ్చిన వారాల్లోనే జపాన్ టీవీలో ఇంకో షోగీ అనిమే నడుస్తోంది, "మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్" రెండో సీజన్. దాని మొదటి సీజన్లో కూడా ఇలాంటి టైటిల్ పోటీ ఉంది. షిమదా అనే నడివయసు ఆటగాడు, యమగతలో ఒక చిన్న పల్లె నుంచి వచ్చినవాడు, కడుపునొప్పితో బాధపడుతూ సోయా మెయిజిన్‌తో ఆడతాడు. వరసగా ఓడిపోతున్నాడు. నాలుగో ఆట గెలిస్తే తర్వాతి ఆట తన సొంత ప్రాంతంలో, తన ఊరివాళ్ల ముందు. అది కూడా ఓడిపోతాడు, పైగా బతికే ఎత్తు ఒకటి బోర్డు మీద ఉండగానే అది కనబడక ఓటమి ఒప్పుకుంటాడు, దూరం నుంచి చూస్తున్న కథానాయకుడు రేయికి ఆ ఎత్తు కనిపిస్తుంది. నాకు షోగీలో ఆ ఎత్తు ఏంటో ఇప్పటికీ సరిగ్గా చెప్పడం రాదు. కానీ ఆ ఊరివాళ్లు, ఆ కడుపునొప్పి, ఎదుటివాడు సోయా కాబట్టి ఇంకేం లేదులే అనుకున్న ఆ మనసు నాకు తెలుసు. ఓడినవాడి కథ కూడా ఇంత నిండుగా ఉంటే, నాలుగు ఆటలు గెలిచిన యాయిచి కథ ఎందుకు ఖాళీగా ఉంది అని అడగక తప్పదు.

సమాధానంలో సగం లెక్కలోనే ఉంది. ఐదు నవలల్ని 12 ఎపిసోడ్లలో కుదించారు, అంటే ఒక్కో పుస్తకానికి రెండున్నర ఎపిసోడ్లు కూడా రావు. కుదించేటప్పుడు ముందు పోయేది మనిషి లోపలి ఆలోచన, ఎందుకంటే అది పోయినా కథ ముందుకు నడుస్తుంది. జోకులు పోవు, అవి పొట్టిగా ఉంటాయి, తెర మీద వెంటనే పేలతాయి. "మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్"కి రెండు సీజన్లు కలిపి 44 ఎపిసోడ్లు దొరికాయి, "హికారు నో గో"కి 75. ఈ తేడాని పక్కన పెట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు. అదే సమయంలో 2017లో పద్నాలుగేళ్ల ఫుజీ సోతా ప్రొఫెషనల్‌గా మొదటి ఆట నుంచి వరసగా 29 గెలిచి, జపాన్ మొత్తం షోగీ పిచ్చిలో ఉంది. ఇలాంటి కథని చూడటానికి జనం సిద్ధంగా ఉన్న టైం అది.

మిగతా సగం మాత్రం నిడివి వల్ల వచ్చింది కాదు. 12 ఎపిసోడ్లలో ఒక్క ప్రశ్న పట్టుకుని ఉంటే సరిపోయేది. ఒంగాయెషి చాలు. కియోతకి యాయిచిని పెంచాడు, యాయిచి కియోతకిని ఓడించాడు, ఇప్పుడు యాయిచి ఆయిని పెంచుతున్నాడు, ఏదో ఒక రోజు ఆమె కూడా తనని ఓడించాలి, అదే తనకి దక్కాల్సిన గురుదక్షిణ. ఈ గీత మీద గింకోని, కేయికాని, యషాజిన్ ఆయిని నిలబెడితే ప్రతి ఒక్కరికీ చోటు దొరుకుతుంది, ఎవరు ఎవరికి ఏం బాకీ ఉన్నారు అనే ఒకే తాడు మీద అందరూ ఉంటారు. ప్రేమ పోటీకి ఆ తాడు మీద చోటే లేదు.

ప్రొఫెషనల్ షోగీలో ఇంకో ఆచారం ఉంది, కన్సోసెన్ అంటారు. ఆట అయిపోయాక గెలిచినవాడు, ఓడినవాడు లేచి వెళ్లిపోరు, అక్కడే కూర్చుని ఆటని మళ్లీ వెనక్కి పేర్చి, ఇక్కడ ఇలా వేసి ఉంటే ఏమయ్యేది అని ఇద్దరూ కలిసి వెతుకుతారు. యాయిచి కియోతకిని ఓడించిన రోజు కూడా ఆ బోర్డు ముందు వాళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉండాలి. గురువు ఓడిన ఎత్తు దగ్గరికి పావుల్ని తన చేత్తోనే జరపాలి, శిష్యుడు "ఇక్కడ మీరు ఇలా వేసి ఉంటే నేను ఓడిపోయేవాణ్ణండి" అని చెప్పాలా వద్దా తేల్చుకోవాలి. నాకు చూడాలని ఉన్నది ఆ అరగంట.